రిజర్వులో పడ్డాం, సుబ్బూ

ఆల్ఫరెటా, జార్జియా
26 జూన్ 2022, ఆదివారం

ఒరేయ్ సుబ్బూ,

ఏప్రిల్ ఆఖర్లో నువ్వు రాసిన ఉత్తరానికి జూన్ ఆఖర్లో జవాబు రాస్తున్నాను. తిట్టదలిస్తే ఈ పేరా అయ్యేలోగా తిట్టేసుకో. పెద్దవాడికి పన్ను ఊడింది, చిన్నదానికి పన్ను వచ్చింది, ఇంట్లో లెక్క సరిపోయింది. ఉద్యోగం ఉంది. మా ఆవిడకు నువ్వు ఇంకా గోంగూర పచ్చడి బాకీ. మా దగ్గరకు వచ్చిన నాన్న వచ్చే శనివారం తిరుగు విమానం ఎక్కుతున్నారు. మిగతా కబుర్లు మరోసారి. నిన్న పెట్రోలు బంకులో జరిగింది నీకు చెప్పకపోతే నాకు అన్నం సహించేలా లేదు.

మా ఇంటికి ఆరు మైళ్ళ దూరంలో ఒక బంకు ఉంది. సభ్యత్వ కార్డు ఉన్నవాళ్ళకే పోస్తారు. బయటికన్నా గ్యాలనుకు పదిహేను సెంట్లు తక్కువ. నిన్న పొద్దున వెళ్తే ముందు ఇరవై కార్లున్నాయి. ఎండ మండిపోతోంది. నేను ఏసీ వేసుకుని కూర్చున్నాను. పక్క సీట్లోంచి నాన్న ఆజ్ఞ వచ్చింది: "ఇంజిన్ ఆపు. కేఎంపీఎల్ పోతుంది."

నీకు చెప్పనక్కరలేదు కదా. తెనాలి ఆర్టీసీ బస్సు డిపోలో ముప్ఫై ఒక్క ఏళ్ళు. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు లాగాడన్నదే ఆయన దృష్టిలో మనిషి గుణం. ఉత్తమ కేఎంపీఎల్ ధ్రువపత్రానికి వేంకటేశ్వరస్వామి పటం పక్కనే చోటిచ్చారు. దానికి నువ్వు అగరొత్తి వెలిగించి వీపు మీద ఎంత తిన్నావో నీకే తెలుసు. అలా ఇంజిన్ ఆపుతూ, కారెడు దూరం జరుగుతూ, మళ్ళీ ఆపుతూ ముప్ఫై అయిదు నిమిషాలకు పంపు దగ్గరకు చేరాం. పద్నాలుగు గ్యాలన్లు పోయించుకుంటే నాకు మిగిలేది 2 డాలర్ల 10 సెంట్లు. ఆ లెక్క నాన్న రెండుసార్లు చేసి చెప్పారు.

పంపు మీద ఒక స్టిక్కరు. అందులో అధ్యక్షుడు బైడెన్ వేలు చాపి సరిగ్గా ధర వైపు చూపిస్తున్నాడు, కింద "ఇది నా పనే!" అని రాసి ఉంది. ఇవి ఇక్కడ చాలా బంకుల్లో కనిపిస్తాయి. నాన్న కళ్ళజోడు సవరించుకుని చూసి, "ఈయన బంకు యజమానా?" అని అడిగారు. కాదు నాన్నా, ఈ దేశాధ్యక్షుడు, ధరలు పెంచింది ఈయనే అని ఎవరో వెక్కిరిస్తున్నారు అన్నాను. "మన బంకుల్లో ప్రధాని ఫొటో ఉన్నా ఎవరూ వెక్కిరింత అనుకోరే" అన్నారు అమాయకంగా. అమాయకత్వమో కాదో ఇప్పటికీ నాకు అనుమానమే.

ఇంతలో అవతలి పంపు దగ్గర తల నెరిసిన ఒకావిడ తాళంచెవితో అలాంటి స్టిక్కరే గీకి తీయడం మొదలుపెట్టింది. ఆమె వెనక ఎర్ర పికప్ ట్రక్కులోంచి ఒక పెద్దమనిషి దిగి, "ఉండనివ్వమ్మా, అది నిజమే కదా" అన్నాడు. ఇక చూడు. ఆమె ఉక్రెయిన్ యుద్ధం అంది, కరోనాలో మూతపడి మళ్ళీ తెరుచుకోని చమురుశుద్ధి కర్మాగారాలు అంది, కంపెనీల లాభాలు అంది. అతను మనదగ్గర భూమిలోనే నూనె ఉంటే తవ్వనివ్వరేం అన్నాడు. మా గవర్నరు కెంప్ మార్చిలోనే రాష్ట్రపు పన్ను ఆపేశాడు, గ్యాలనుకు 29.1 సెంట్లు, దాన్ని జులై 14 దాకా పొడిగించాడు కూడా. ఆయన రిపబ్లికన్. నవంబరు ఎన్నికల్లో డెమొక్రాట్ స్టేసీ అబ్రామ్స్‌తో పోటీ. మొన్న బుధవారం బైడెన్ కేంద్రం పన్నూ మూడు నెలలు ఆపుదాం, పెట్రోలుకు 18.4 సెంట్లు, డీజిలుకు 24.4 అని కాంగ్రెసును, అంటే ఇక్కడి పార్లమెంటును, అడిగాడు. ఆయన డెమొక్రాట్. ఆవిడ సరిగ్గా అక్కడే పట్టుకుంది: "కెంప్ ఇస్తే కానుక, బైడెన్ ఇస్తే కపటమా?"

చదువుతుంటే నీకు ఎక్కడో విన్నట్టుంది కదూ? నీ ఉత్తరం నిండా ఇదే కదా! ప్రధాని రాష్ట్రాలను వ్యాట్ తగ్గించమనడం, మీ తెలంగాణ ముఖ్యమంత్రి మేం పెంచనిది తగ్గించడమేమిటనడం, నువ్వు నీ బండి తోసుకుంటూ ఇద్దరినీ తిట్టడం. పేర్లు మార్చి నీ ఉత్తరాన్నే వాళ్ళకు చదివి వినిపించి ఉండవచ్చు.

నేను నోరు మూసుకుని ఉండాలి. ఓటు కూడా లేనివాణ్ణి. కానీ నా నోటి సంగతి నీకు తెలుసు. "పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంవాళ్ళు లెక్క తీశారండీ, మన జార్జియాలో ఆపిన పన్నులో మనదాకా వచ్చింది నూటికి 58 నుంచి 65 వంతులే, మిగతాది మధ్యలోనే ఆగింది" అన్నాను. అక్కడితో ఆగానా? పన్ను ఆపితే రోడ్ల నిధికి చిల్లు పడుతుందనీ, కేంద్రం పన్ను 1993 నుంచి పెరగనే లేదనీ, మూడు నెలలకు వెయ్యి కోట్ల డాలర్లు పోతాయనీ, ధర తగ్గితే ఇంకా ఎక్కువ తిరుగుతామనీ చెప్పాను. మన అర్థశాస్త్రం మాస్టారు పళ్ళపొడి పరమేశం నాలో పూనాడనుకో.

ట్రక్కు ఆయన అంతా విన్నాడు. కోపం తెచ్చుకుని ఉంటే బాగుండేది. "నేను ఎలిజే నుంచి వస్తాను. రోజూ పోనూ రానూ 110 మైళ్ళు. ఈ బండి గ్యాలనుకు పదిహేను ఇస్తుంది. తిరగడం తగ్గించమంటే ఏ రోజు మానేయమంటావు, సోమవారమా, మంగళవారమా?" అన్నాడు.

ఎలిజే ఆపిల్ తోటల ఊరు, ఉత్తరాన కొండల్లో. నేను మనసులో లెక్క వేసుకున్నాను. 4 డాలర్ల 40 సెంట్ల చొప్పున వారానికి 160 డాలర్లు. రెండు పన్నులూ పూర్తిగా ఆపి, ఒక్క సెంటు కూడా మధ్యలో ఆగకుండా ఆయన చేతికి వచ్చినా వారానికి పదిహేడు డాలర్లు. నా దగ్గర జవాబు లేదు, సుబ్బూ. వారానికి రెండు రోజులు పైజామాలో ఇంటి నుంచి పనిచేసేవాణ్ణి, నేను చెప్పిన లెక్కల్లో ఒక్కటీ తప్పు కాదు, అయినా ఎటో చూస్తూ నిలబడ్డాను. అసలు నేనేమనుకుంటున్నానంటే... ఉండు, అది తర్వాత.

ఆ నిశ్శబ్దంలో నాన్న కారు దిగారు. ఎవరినీ పట్టించుకోకుండా ట్రక్కు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, వెనక ఎడమ టైరు దగ్గర వంగి బొటనవేలితో నొక్కి, "గాలి తక్కువుంది, ఆయనకు చెప్పు" అన్నారు. చెప్పాను.

ముందు ఆవిడ నవ్వింది, తర్వాత ఆయన. నాన్నకు ఏమీ అర్థం కాలేదు. 2008లో కూడా ఇక్కడ ఇలాగే ధర నాలుగు డాలర్లు దాటింది. అప్పుడు అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న ఒబామా టైర్లలో గాలి సరిగ్గా ఉంచుకుంటే నూనె ఆదా అవుతుందని అన్నందుకు ప్రత్యర్థి మెకెయిన్ మనుషులు గాలి కొలిచే గేజీలు పంచి, ఇదే ఒబామా ఇంధన విధానం అని ఎగతాళి చేశారు. పన్ను ఆపుదామన్నదీ ఆ ఏడాది మెకెయినే. అది ఉత్త జిమ్మిక్కు అన్నది ఒబామా. అదే ఒబామా దగ్గర ఎనిమిదేళ్ళు ఉపాధ్యక్షుడిగా పనిచేసిన బైడెన్ ఇప్పుడు...

సరే. ట్రక్కు ఆయన నవ్వాపుకుని, "మీ నాన్న డెమొక్రాటా?" అన్నాడు. నాన్న నా వైపు తిరిగి, "ఏమంటున్నాడు?" అన్నారు. ఒట్టు సుబ్బూ, ఏ క్షణంలో బుద్ధి పుట్టిందో తెలియదు, "మీది ఏ డిపో అని అడుగుతున్నాడు" అన్నాను.

నాన్న నిటారుగా నిలబడి, "తెనాలి" అన్నారు.

ఆయన గంభీరంగా తల ఊపి, ఆ పార్టీ పేరు ఎప్పుడూ వినలేదన్నాడు.

ఆ తర్వాత మీ ఊళ్ళో ధర ఎంత అని అడిగితే నాన్న టక్కున హైదరాబాదులో లీటరు 109 రూపాయల 66 పైసలు అన్నారు. (నువ్వు రాసినప్పుడు 119.49 కదా. మే 22 నుంచి తగ్గిన సంగతి ఈయన ఇక్కడి నుంచే రోజూ ఫోనులో చూసుకుంటున్నారు.) గ్యాలనుకు మార్చి చెబితే 5 డాలర్ల 30 సెంట్లు. ట్రక్కు ఆయన ఈల వేశాడు. ఆవిడ ఆ సగం చిరిగిన స్టిక్కరును అలాగే వదిలేసి వెళ్ళిపోయింది. బైడెన్‌కు ఇప్పుడు వేలు ఉంది, తల లేదు.

తిరిగి వస్తుంటే నాన్న చాలాసేపు మాట్లాడలేదు. సిగ్నలు దగ్గర ఉన్నట్టుండి, "ఆ బండి కేఎంపీఎల్ ఎంత?" అన్నారు. మైళ్ళూ గ్యాలన్లూ మార్చి, ఆరున్నర లోపు అన్నాను. "నా బస్సు యాభై మందిని ఎక్కించుకుని అయిదు ఇచ్చేది" అన్నారు. నేనేమీ అనలేదు. మరో మైలు పోయాక, "ఆయన ఊరి నుంచి ఇటు బస్సు లేదా?" లేదు నాన్నా అన్నాను. "ఒక్కటీ లేదా?" ఒక్కటీ లేదు. ఇంటికి చేరేదాకా కిటికీలోంచి రోడ్డు చూస్తూనే ఉన్నారు. ఆరు వరుసల రోడ్డు, ప్రతి కారులో ఒక్కొక్క మనిషి. నాలుగు నెలలుగా ఈ ధరల మీద టీవీలో ఎన్ని చర్చలు విన్నానో, ఆ ప్రశ్న మాత్రం ఎవరి నోటా వినలేదు.

రాత్రి భోజనాల దగ్గర రిజర్వు సంగతి చెప్పాను. ఇక్కడ టెక్సస్, లూసియానాల్లో భూమి అడుగున ఉప్పు పొరల్లో గుహలు తవ్వి ముడిచమురు దాచి ఉంచారు, అందులోంచి రోజుకు 10 లక్షల పీపాల చొప్పున ఆరు నెలలు తీస్తామని మార్చి ఆఖర్లో బైడెన్ ప్రకటించాడు అన్నాను. నాన్న ముద్ద ఆపి, "అంటే నాబు రిజర్వుకు తిప్పారన్నమాట. సుబ్బు స్కూటరులాగా" అన్నారు. గుంటూరు శంకర్ విలాస్ వంతెన మీద మనం దాన్ని తోసుకుంటూ వస్తే డిపో బస్సులోంచి చూశారట. వారం కిందటే రిజర్వుకు తిప్పి మళ్ళీ మెయినుకు తిప్పడం మరిచిపోయిన ఘనుడివి నువ్వని ఆయనకు ముందే తెలుసట! ఇరవై ఆరేళ్ళు దాచి, నిన్న చెప్పారు. పక్కకు వంచితే వస్తుందని నువ్వు, వంచడానికి కూడా ఏమీ లేదని నేను. అప్పుడు ఆ...

అసలు నేను చెప్పబోయింది పన్ను గురించి. ఆపకూడదనే ఇప్పటికీ అంటాను, కానీ ఎలిజే ఆయన మొహం చూసి అనగలనా అంటే, ఇంకో సంగతేమిటంటే ప్రతి వారం ఆ 29 సెంట్లు నేనూ తీసుకుంటూనే

కిటికీలోంచి చూస్తే నాన్న ఎదురింటివాళ్ళ కారు దగ్గర వంగి టైరు నొక్కుతున్నారు. వాళ్ళాయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. పరుగెత్తాలి. ఉంటానురా.

నీ
గరాటు