గణవిభజన దగ్గరే ఆగిపోవద్దు: విద్యాశాఖ మంత్రి గారికి ఒక తెలుగు టీచర్ బహిరంగ లేఖ

మంత్రి గారూ, నమస్కారం.

నేను నిజామాబాద్ జిల్లాలో ఒక సర్కారు బడిలో తెలుగు చెబుతాను. 2018లో మన రాష్ట్రం పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి అని చట్టం చేసినప్పుడు నిజంగా సంతోషపడ్డాను. ఆ తప్పనిసరి తెలుగులో పద్యాన్ని మేం ఏం చేస్తున్నామో మీకు చెప్పాలనే ఈ ఉత్తరం.

పరీక్షలో ఒక పద్యపాదం (పద్యంలో ఒక వరస) ఇస్తారు, గణవిభజన చేసి, అంటే అక్షరాలను గణాలనే చిన్న గుంపులుగా విడదీసి, ఏ రకం పద్యమో రాయమంటారు. పిల్లలు గురువులు (దీర్ఘంగా పలికేవి), లఘువులు (పొట్టిగా పలికేవి) గుర్తించి, గణాలు విడదీసి, పేరు రాసేస్తారు. మార్కులు గ్యారంటీ. ఆ కవి ఆ రకం పద్యాన్నే ఎందుకు పట్టుకున్నాడు, ఇంకోదాంట్లో చెబితే అదే గొంతు వినిపించేదా అని మాత్రం ఎవరూ అడగరు. నేనూ చాలా ఏళ్లు అడగలేదు.

వేమననే చూడండి. ఆయన పద్యాల రకం ఆటవెలది. దానికి నాలుగు పాదాలు, చివరిది 'విశ్వదాభిరామ వినురవేమ' అనే మకుటానికే పోతుంది, ఇక చెప్పుకోవడానికి మిగిలేది మూడు. 'ఉప్పు కప్పురంబు' పద్యంలో మొదటి రెండింట్లో ఉప్పునీ కర్పూరాన్నీ చూపించి, మూడో పాదంలో ఒక్కసారిగా మనుషుల మీదికి తిప్పేస్తాడు. వేమన మొహమాటం లేని మనిషి అని పాఠంలో చెబుతాం గానీ, మొహమాటపడేందుకు ఆ పద్యంలో చోటు కూడా లేదని నాకనిపిస్తుంది.

కవి దాశరథి గారు మా నిజామాబాద్ జైలు గోడ మీద బొగ్గుతో నిజాం మీద పద్యాలు రాశారు. మా పిల్లలకు ఆ జైలున్న ఖిల్లా తెలుసు. అందరి నోటా ఉన్న 'నా తెలంగాణ కోటి రత్నాల వీణ' తేటగీతి అనే చిన్న పద్యంలోని పాదమని మాత్రం చాలామందికి తెలియదు. గోడ మీది బొగ్గు గీత ఎంతసేపుంటుంది? చిన్న పద్యం కాబట్టి నోటికొచ్చేస్తుంది, నోట్లో పడ్డాక దాన్ని చెరపడం ఎవరి తరం?

జాషువా గారి సంగతి ఇంకా పెద్దది. మేఘంతో కబురు పంపే సందేశ కావ్యం కాళిదాసు నాటిది, పండితులు నెత్తిన పెట్టుకున్నది. 1941లో 'గబ్బిలం' కావ్యంలో ఆయన ఆ ప్రక్రియనే తీసుకుని, మేఘం బదులు గబ్బిలాన్ని పెట్టారు. గుడిలోకి రానివ్వని మనిషి గోడును గుడిలో వేలాడే గబ్బిలం శివుడి చెవిన వేస్తుంది. అదే బాధను వ్యాసంగా రాసి ఉంటే చదివేవాళ్లం, తల ఊపేవాళ్లం. పండితులు తమదనుకున్న కావ్యరూపంలోంచే ఆ గొంతు వచ్చేసరికి తప్పించుకోవడానికి దారి లేకపోయింది.

పోయినేడు తొమ్మిదో తరగతి పిల్లల్ని, మీరు చెప్పాలనుకున్నది ముందు వచనంలో, తర్వాత ఆటవెలదిలో రాయండి అన్నాను. ఒక అమ్మాయి వాళ్లమ్మ గురించి రాసింది. బీడీలు చుట్టి చుట్టి వేళ్లు అరిగి, రేషన్ షాపు మిషన్‌లో వేలిముద్ర పడటం లేదు. వచనంలో పేజీన్నర వచ్చింది, దాన్నిండా కోపమే, అందర్నీ తిట్టింది. ఆటవెలదిలో తిట్లు పట్టలేదు. మూడో పాదం దగ్గర రెండు రోజులు ఆగిపోయింది. చివరికి తెచ్చింది ఇది:

ఆకు చుట్టి చుట్టి అమ్మ వేళ్ళరిగెను
ముద్ర పడక పోయె మూడు సార్లు
బియ్యమిచ్చు చోట బిక్కుబిక్కున నిల్చె
గీత లేని చేయి గీసె బతుకు

పాదం మొదటి అక్షరానికి సరిపోయే అక్షరం మధ్యలో మళ్లీ రావాలి, దాన్ని యతి అంటాం; అది ఎక్కడ పడాలో నేను చెప్పానంతే. 'గీత' అని మొదలుపెట్టాక యతి కోసం గ-కారం వెతుక్కుంటూ వెళ్తే 'గీసె' దొరికిందట, అప్పటిదాకా ఆ మాటే తనకు తట్టలేదట. ఛందస్సు సంకెళ్లు అని మనం అనుకుంటాం కదా, ఆ పిల్లకు అది మాట అందించింది.

అందరికీ ఆటవెలదే సరిపోతుందని నేను అనను. ఇంకో పిల్లాడు దుబాయ్‌లో ఉన్న నాన్న ఫోన్ గురించి రాయబోయి, ఎంత ప్రయత్నించినా పద్యంలో పెట్టలేకపోయాడు. వచన కవితగా రాస్తా సార్ అన్నాడు. లైన్లు మధ్యమధ్యలో తెగ్గొట్టాడు, సిగ్నల్ పోయినప్పుడు నాన్న మాట తెగినట్టు. వాడికి అదే సరైన రూపం, వాడే వెతుక్కున్నాడు.

మంత్రి గారూ, నేను కొత్త పుస్తకాలు, నిధులు అడగడం లేదు. గణవిభజన తీసేయమనీ అనడం లేదు. ఏడాదిలో ఒక్క ఇంటర్నల్ పరీక్షలోనైనా, ఆ ప్రశ్న బదులు, పిల్లలు తమకు నచ్చిన రూపంలో నాలుగు పాదాలు రాసి, ఆ రూపమే ఎందుకు ఎంచుకున్నారో రెండు వాక్యాల్లో చెప్పే అవకాశం ఇవ్వండి. యతి తప్పినా మార్కులు కోయొద్దని మాకు ఆదేశం ఇవ్వండి. టీచర్ల ట్రైనింగ్‌లో ఒక పూట పద్యాన్ని రాగం తీసి చదవడానికి కేటాయించండి, ఎందుకంటే మాలో చాలామందిమి పద్యాన్ని కళ్లతోనే చదువుతున్నాం, పిల్లలకు చెవికి అందించడం లేదు.

వీలైతే ఒకసారి మా బడికి రండి. చెప్పకుండా వచ్చినా పర్లేదు, పిల్లలు వాళ్ల పద్యాలు వాళ్లే చదివి వినిపిస్తారు.

ఇట్లు,
ఒక తెలుగు ఉపాధ్యాయుడు