బుకింగ్ డబ్బు షోరూం సొత్తు కాదు

ఎడిటర్ గారికి నమస్కారం.

పండగ దగ్గరపడితే చాలు మీ పత్రిక మొదటి పేజీ కార్ల కంపెనీలదే. కొత్త మోడల్ వచ్చింది, ఇంత కట్టి బుక్ చేసుకోండి, ఆలస్యం చేస్తే దొరకదు అని ఒకటే హడావుడి. బుక్ చేశాక వద్దనుకుంటే ఆ కట్టిన డబ్బు సంగతేంటో మాత్రం ఏ ప్రకటనలోనూ కనపడదు. దాని గురించే ఈ ఉత్తరం.

మా తమ్ముడు హైదరాబాద్‌లో ఒక స్పోర్ట్స్ కారు బుక్ చేశాడు. రెండే సీట్లు, పైకప్పు తెరుచుకుంటుంది, విదేశంలోనే పూర్తిగా తయారై ఓడలో దిగే బండి. మా కాలనీ స్పీడ్ బ్రేకర్ల మీద అదెలా వెళ్తుందిరా అని ఇంట్లో అందరం అడిగాం, అది వేరే గొడవ. అడ్వాన్స్ 5 లక్షలు కట్టాడు. దసరాకి ఇస్తామన్నారు, దసరా పోయింది, సంక్రాంతి అన్నారు, సంక్రాంతీ పోయింది, ఈలోగా రేటు పెరిగింది, పెరిగిన రేటే కట్టాలి సర్ అన్నారు. ఇక చాలని వాడు క్యాన్సిల్ చేశాడు. అప్పటిదాకా పొద్దునా సాయంత్రం ఫోన్ చేసి పలకరించిన సేల్స్ కుర్రాడు ఫోనెత్తడం మానేశాడు. మేనేజర్ మాత్రం బుకింగ్ ఫారం వెనక్కి తిప్పి, చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న ఒక లైను చూపించాడు: బుకింగ్ మొత్తం ఎట్టి పరిస్థితుల్లోనూ తిరిగి ఇవ్వబడదు.

సరే, ఆ ఒక్క లైనే ఎందుకు, మొత్తం చదువుదాం అని నేను కూర్చుని చదివాను (నేను ట్యాక్స్ ప్రాక్టీస్ చేసుకునేవాణ్ణి, చిన్న అక్షరాలు చదవడమే నా బతుకుతెరువు). డెలివరీ రోజున ఉన్న ధరే వర్తిస్తుందట. డెలివరీ తేదీ అంచనా మాత్రమేనట. రంగు, ఫీచర్లు ముందు చెప్పకుండానే మార్చే హక్కు కంపెనీకి ఉందట. అంటే రేటు వాళ్ల ఇష్టం, తేదీ వాళ్ల ఇష్టం, చివరికి ఏ బండి ఇస్తారన్నదీ వాళ్ల ఇష్టమే, ఈ ఒప్పందంలో గట్టిగా కట్టేసి ఉన్నది కొనేవాడి డబ్బు ఒక్కటే.

ఫారం మీద అచ్చేసినంత మాత్రాన అది చట్టం అయిపోదు. మన కాంట్రాక్ట్ చట్టం 1872 నాటిది. అందులో 74వ సెక్షన్ చెప్పేదేంటంటే, ఒప్పందం తప్పితే ఇంత పోతుందని కాగితం మీద ఎంత రాసుకున్నా అది పైహద్దు మాత్రమే, ఆ హద్దుకు లోబడి న్యాయమైన పరిహారం మాత్రమే రాబట్టుకోవచ్చు. దీని మీద సుప్రీంకోర్టు 1969లో ఇచ్చిన మౌలా బక్ష్ తీర్పు నాకు చాలా ఇష్టం. ఆయన మిలిటరీకి ఆలుగడ్డలు, కోళ్లు, గుడ్లు, చేపలు సప్లై చేసే కాంట్రాక్టరు. రెండు కాంట్రాక్టులకు కలిపి 18,500 రూపాయలు డిపాజిట్ కట్టాడు. సరుకు సరిగా ఇవ్వలేదని ప్రభుత్వం కాంట్రాక్టులు రద్దు చేసి డిపాజిట్ మొత్తం మింగేసింది. మీకు నిజంగా ఎంత నష్టం వచ్చిందో చూపించారా, మార్కెట్లో ఆలుగడ్డలు ఎంతకు కొన్నారో లెక్క తెచ్చారా అని అడిగిన కోర్టు, లెక్క లేదు గనక డిపాజిట్ వడ్డీతో తిరిగి ఇచ్చేయమంది. గమనించండి, అక్కడ మాట తప్పింది కాంట్రాక్టరే. అయినా డబ్బు వెనక్కి వచ్చింది. మా తమ్ముడి విషయంలో తేదీ తప్పింది షోరూం వాళ్లు.

డీలర్ వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. నిజమైన బయానా అని ఒకటుంది, అంటే మాట మీద నిలబడతానని కొనేవాడు హామీగా ఇచ్చే డబ్బు. అది సమంజసమైన మొత్తం అయి, కొనేవాడే కారణం లేకుండా వెనక్కి తగ్గితే, అట్టేపెట్టుకోవడాన్ని కోర్టులు తప్పుపట్టవు. పైగా స్పోర్ట్స్ కార్లలో కొందరు ప్రత్యేకంగా రంగు కలిపించుకుంటారు, సీట్ల తోలు దగ్గర్నుంచి కుట్టుదారం దాకా ఏరుకుంటారు. అలాంటి బండి ఫ్యాక్టరీలో తయారయ్యాక వద్దంటే దాన్ని ఇంకొకరికి అమ్మడం కష్టమే, అక్కడ డీలర్‌కి నష్టం ఉంది, ఆ నష్టం తీసుకోవడం న్యాయమే. కానీ మా తమ్ముడి పేరు మీద ఒక ఛాసిస్ నంబరు కూడా కేటాయించలేదు. రాని బండి మీద నష్టమేంటి? గురుగ్రామ్‌లో ఒక ఫ్లాటు బుకింగ్ కేసులో 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ఒప్పందంలో ఫ్లాటు ధరలో 20 శాతం కోత అని రాసుకున్నా ఆ షరతు ఏకపక్షమని చెప్పి, 10 శాతానికి మించి పట్టుకోవడం కుదరదన్న కిందిస్థాయి ఉత్తర్వునే నిలబెట్టింది. అక్కడ మార్కెట్ పడిపోయిందని కొనేవాళ్లే వద్దనుకున్నారు, అయినా అంతే.

ఇక రెండో సాకు మరీ విడ్డూరం. మీ డబ్బు మీద జీఎస్టీ కట్టేశాం సర్, అది రాదు అన్నాడు మేనేజర్. నాతోనే! వస్తువుల అమ్మకంలో అడ్వాన్స్ తీసుకున్న రోజున జీఎస్టీ కట్టాల్సిన పనిలేదని 2017 నవంబర్‌లోనే నోటిఫికేషన్ వచ్చింది, పన్ను ఇన్వాయిస్ రాసినప్పుడే. ఏ ఇన్వాయిస్ మీద కట్టారో చూపించండి అన్నాక ఆ మాట మళ్లీ ఎత్తలేదు. కంపెనీకి మెయిల్ పెడితే, మాకూ డీలర్‌కూ మధ్య సంబంధం కొనుగోలు, అమ్మకం వరకే, రసీదు ఇచ్చినవాళ్లనే అడగండి అని జవాబు. ప్రకటనలో మాత్రం కంపెనీ పేరు ఆ మూల నుంచి ఈ మూలదాకా ఉంటుంది.

ఐదు లక్షలు పోతే మాత్రం ఏం, స్పోర్ట్స్ కారు కొనేవాడికి అదొక లెక్కా అని చాలామంది అనుకుంటారు, మా బంధువుల్లోనే అన్నారు. కానీ 11 వేలు, 21 వేలు కట్టి చిన్న కారు బుక్ చేసినవాళ్ల ఫారాలు కూడా నా ఆఫీసుకి వచ్చాయి, వాటిలోనూ ఇదే లైను. ఆ మొత్తానికి ఎవరూ లాయర్ దగ్గరికి వెళ్లరు. వెళ్లరని షోరూం వాళ్లకీ తెలుసు. పెద్దవాళ్ల డబ్బు కూడా అంత తేలిగ్గా రాదు. 2017లో అమెరికాలో టెస్లా కంపెనీ రోడ్‌స్టర్ అనే స్పోర్ట్స్ కారు చూపించి 50 వేల డాలర్ల లెక్కన బుకింగులు తీసుకున్నారు, 2020లో ఇస్తామన్న బండి ఐదేళ్లు దాటినా రాలేదు, చివరికి 2025లో ఓపెన్ ఏఐ అధిపతి శామ్ ఆల్ట్‌మన్ తన డబ్బు అడిగితే మెయిల్ వెనక్కి తిరిగొచ్చింది. ఆయన అది సోషల్ మీడియాలో పెట్టాడు. 24 గంటల్లో రీఫండ్ ఇచ్చేశామని టెస్లా అధిపతి ఈలాన్ మస్క్ ఆ తర్వాత రాశాడు. మనం పెడితే ఎవరు చూస్తారు?

అందుకని మనకున్న దారి చెప్తున్నా. ఫోన్లో క్యాన్సిల్ చేయొద్దు, మెయిల్ పెట్టండి, ఏ తేదీకి బండి ఇస్తామన్నారో, ఏ మెసేజ్‌లో అన్నారో అందులోనే రాయండి. బండి కేటాయించారా, కేటాయిస్తే ఛాసిస్ నంబరెంత, మీకు వచ్చిన నష్టమెంత అని లిఖితపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి, ఆ హెల్ప్‌లైన్‌కి ఉత్తర్వులిచ్చే అధికారం లేదు గానీ చాలాసార్లు అక్కడే పని అవుతుంది. కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరుండే ఊళ్లోనే కేసు వేయొచ్చు. ఫీజు లెక్క కారు ధర మీద కాదు, మీరు కట్టిన మొత్తం మీద, 5 లక్షల దాకా అసలు ఫీజే లేదు. గడువు రెండేళ్లు. ఈ రెండేళ్లూ రేపు మాపు అని తిప్పడమే కొందరి పద్ధతి, జాగ్రత్త.

మా తమ్ముడికి లీగల్ నోటీసు వెళ్లాక డబ్బు వచ్చింది, వడ్డీ లేకుండా, పైగా ప్రాసెసింగ్ చార్జీలని 10 వేలు కోసి. ఏం ప్రాసెస్ చేశారో బిల్లు పంపమన్నాం. ఇంకా పంపలేదు.

ఏ రాష్ట్రంలోనైనా బుకింగ్ ఫారం ముందు పేజీలోనే, సంతకం పెట్టే చోటికి పైన, స్థానిక భాషలో మూడు సంగతులు పెద్ద అక్షరాల్లో ఉండాలని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఒక ఆదేశం ఇవ్వాలి: వద్దంటే ఎంత కోస్తారు, మిగతాది ఎన్ని రోజుల్లో ఇస్తారు, చెప్పిన తేదీకి బండి రాకపోతే మొత్తం ఇస్తారా లేదా. 2024లో క్యాబ్ బుకింగ్ యాప్ విషయంలో రీఫండ్ కూపన్ రూపంలోనే కాదు, బ్యాంకు ఖాతాలోకీ తీసుకునే వీలు ఇవ్వాలని ఆదేశించింది ఈ సంస్థే, కాబట్టి అధికారం లేదనడానికి వీల్లేదు. మీ పత్రిక కూడా ప్రకటన తీసుకునేటప్పుడు ఈ మూడూ అడిగితే బాగుంటుంది. అడుగుతారా?

ఇట్లు,
ఒక పాఠకుడు, హిమాయత్‌నగర్, హైదరాబాద్