విడాకుల కాగితాల్లో అప్పులకు ఒక పేజీ ఉండాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. హనుమకొండ అదాలత్ కూడలికి దగ్గరలో నాకు ఒక జిరాక్స్ దుకాణం ఉంది. పంతొమ్మిదేళ్ళుగా అదే నా బతుకుతెరువు. కోర్టుకు వెళ్ళే కాగితాల్లో చాలా భాగం మాలాంటి దుకాణాల మీదుగానే పోతుంది. ఇతరుల కాగితాలు చదవకూడదని తెలుసు, చదవను కూడా. అయినా పేజీలు వరుసలో పెట్టేటప్పుడు కంటికి తగిలేవి తగులుతూనే ఉంటాయి. పరస్పర అంగీకారంతో విడాకులు కోరే పిటిషన్ల వెనుక తిరిగి ఇవ్వాల్సిన సామాను జాబితా ఉంటుంది. మంచం, బీరువా, ఫ్రిజ్, ఇత్తడి బిందెలు, బంగారం ఎన్ని తులాలో అన్నీ ఉంటాయి. పిల్లలు పండుగకు ఎవరి దగ్గర ఉండాలో కూడా రాస్తారు. ఇద్దరూ కలిసి సంతకాలు చేసిన అప్పుల జాబితాను మాత్రం నేను ఎప్పుడో గాని చూడలేదు. నా భార్య విడాకుల పత్రంలోనూ ఆ పేజీ లేదు. అది లేనందుకు మా ఇల్లు దాదాపు రెండేళ్ళు నలిగింది.

మా పెళ్ళి 2022 మే నెలలో జరిగింది. నా మొదటి భార్య జబ్బుచేసి చనిపోయి అప్పటికి ఆరేళ్ళు. ఈమెకు మొదటి పెళ్ళి విడాకులతో ముగిసింది. ఒక కూతురు. ఒక ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా పనిచేస్తుంది. 2019లో ఆమె వేసిన విడాకుల కేసును మొదటి భర్త వాయిదాల మీద వాయిదాలు తీసుకుని లాగాడు. చివరకు 2020లో, హిందూ వివాహ చట్టంలోని 13బి సెక్షన్ కింద ఇద్దరూ ఒప్పుకుని విడిపోయేలా మాట్లాడుకున్నారు. ఆ రోజుల్లో తన ఆలోచన ఏమిటో ఆమె నాతో చెప్పింది. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టి, పాపను తీసుకుని బయటపడితే చాలనుకుందట. భరణం వద్దని రాసిచ్చింది. బ్యాంకు అప్పు గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది: 'వ్యక్తిగత రుణాన్ని మొదటి పిటిషనరు చెల్లించుకుంటాడు.' ఎంత మిగిలింది, ఎప్పటిలోగా కట్టాలి, కట్టకపోతే ఏమిటి అన్నవి లేవు. 2021 ఫిబ్రవరిలో డిక్రీ వచ్చింది.

ఆ ఒక్క వాక్యం ఎందుకూ పనికిరాదని మాకు 2022 నవంబరులో తెలిసింది. హసన్‌పర్తి వైపు నూరు గజాల్లో ఒక చిన్న ఇల్లు చూసుకుని, ఇద్దరం కలిసి గృహరుణానికి దరఖాస్తు పెట్టాం. బ్యాంకు అధికారి కంప్యూటరు తెర మావైపు తిప్పి చూపించారు. నా భార్య సిబిల్ స్కోరు, అంటే అప్పులు తీర్చిన తీరుకు ఇచ్చే మార్కు, 548. అది బాగా తక్కువ. మొదటి భర్త వ్యాపారానికి 2018లో ఇద్దరి పేరు మీదా తీసుకున్న నాలుగు లక్షల అప్పును అతను డిక్రీ తర్వాత కొన్ని నెలలు కట్టి మానేశాడు. వడ్డీ, జరిమానాలతో అది 2,18,000 రూపాయలుగా నిలబడి ఉంది.

అప్పిచ్చిన బ్యాంకుకు డిక్రీ పట్టుకుని వెళ్ళాం. అక్కడి అధికారి మర్యాదగానే మాట్లాడారు. 'అమ్మా, ఇది మీకూ ఆయనకూ మధ్య ఒప్పందం. మా ఒప్పందంలో రెండు సంతకాలున్నాయి. మీలో ఎవరు కట్టినా మాకు సరే' అన్నారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 43వ సెక్షన్ చెప్పేదీ అదేనని, కలిసి మాట ఇచ్చినవారిలో ఎవరినైనా మొత్తం అడగవచ్చని, మా దుకాణానికి వచ్చే ఒక న్యాయవాది తర్వాత వివరించారు. పెళ్ళి రద్దయినంత మాత్రాన సంతకం రద్దు కాదు. పంతొమ్మిదేళ్ళు కోర్టు పక్కన కూర్చున్న నాకే ఈ సంగతి తెలియదు.

ఆ రాత్రి నేను ఆమెను అడిగాను: 'ఇంకేమైనా ఉన్నాయా?' లేవంది. అబద్ధం చెప్పలేదు. మరిచిపోయింది. ప్రభుత్వ ఉద్యోగుల జామీను అంటే చిట్టీల వాళ్ళకు ఎంత విలువో వరంగల్ వాళ్ళకు చెప్పనక్కరలేదు. 2018 జనవరిలో మొదలైన ఐదు లక్షల చిట్టీని, నెలకు పదివేల చొప్పున యాభై నెలలది, అతను తొమ్మిదో నెలలోనే పాడుకుని డబ్బు తీసుకున్నాడు. ఆమె జీతం ధ్రువపత్రం, జామీను సంతకం వాడుకున్నాడు. ఇరవై ఒక్క వాయిదాలు కట్టి ఆపేశాడు. మిగిలిన 2,90,000 రూపాయల కోసం చిట్టీ సంస్థ చిట్‌ఫండ్స్ చట్టం కింద మధ్యవర్తిత్వానికి వెళ్ళింది. నోటీసులన్నీ అతని ఇంటి చిరునామాకు పోయాయి. ఈమె అప్పటికే ఆ ఇంట్లో లేదు. ఈమె మాట వినకుండానే వడ్డీతో కలిపి 3,41,000కు తీర్పు వచ్చింది. ఆ తీర్పు అమలుకు జీతం జప్తు ఉత్తర్వు 2023 మార్చిలో నేరుగా ఆమె కార్యాలయానికి వచ్చింది.

ఆ కాగితాన్ని ఆమె పన్నెండు రోజులు దాచింది. ఒకసారి లేవని చెప్పాక మళ్ళీ ఉన్నాయని ఎలా చెప్పాలో తెలియలేదట. పదమూడో రోజు సాయంత్రం దుకాణం మూసే వేళకు వచ్చి, ఏమీ మాట్లాడకుండా దాన్ని మెషిను అద్దం మీద పెట్టి, 'రెండు కాపీలు తీయండి' అంది. నాకు కోపం వచ్చింది, దాచుకోను. అప్పు గురించి కాదు, పన్నెండు రోజుల గురించి. రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. మూడో రోజు ఆమె కూతురు, ఇప్పుడు నా కూతురు కూడా, నా టిఫిన్ డబ్బా అందిస్తూ 'నాన్నా, మేము వెళ్ళిపోవాలా?' అని అడిగింది. అప్పటిదాకా ఆ పాప నన్ను అంకుల్ అనే పిలిచేది. ఆ తర్వాత నేను ఆ విషయంలో మౌనంగా ఉండలేదు.

ఎనుమాముల మార్కెట్లో అడ్తి దుకాణంలో గుమాస్తాగా చేసే మా తమ్ముడు గట్టిగానే అన్నాడు: 'అన్నా, ఒక రైతు తక్‌పట్టీలో, అంటే అమ్మకం లెక్క చీటీలో, ఇంకో రైతు బాకీ రాస్తామా? ఎవరో తిన్నదానికి నువ్వెందుకు కడతావు?' వాడి మాటలో న్యాయముంది. కాని ఆ సంతకం చేసిన చేయి మా ఇంట్లో అన్నం వండుతోంది. ఆమె జీతం తగ్గితే మా ఇల్లు తగ్గుతుంది. నేను కట్టను అనుకున్నా, కట్టేది మేమే.

సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం, భరణం కాని అప్పులకు జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. లెక్కకు వచ్చే ఆమె జీతం 36,000. నెలకు 11,667 రూపాయల చొప్పున తొమ్మిది నెలలు పోయాయి. తర్వాత జాతీయ లోక్ అదాలత్‌లో కూర్చుని, మిగిలినది 1,80,000గా, ఆరు వాయిదాల్లో తీర్చేలా రాజీ చేసుకున్నాం. దీనికి మేము న్యాయవాదికి డబ్బు ఇవ్వలేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెడితే చాలు. ఈ సంగతి తెలియక చీటికీ మాటికీ చేబదుళ్ళు చేసి ఫీజులు కట్టే ఆడవాళ్ళను నా దుకాణం ముందే చూస్తుంటాను.

బ్యాంకు అప్పు విషయంలో ఇంకో చిక్కు వచ్చింది. 1,30,000 కట్టి సెటిల్‌మెంటు చేసుకోమని వసూలు ఏజెంటు ఒత్తిడి చేశాడు. కాని అలా తీర్చిన అప్పు రుణ నివేదికలో 'సెటిల్డ్' అని ఏళ్ళ తరబడి కనిపిస్తుందని, మొత్తం కట్టిన అప్పే 'క్లోజ్డ్' అవుతుందని గృహరుణం అడిగిన చోట చెప్పారు. ఇల్లు కొనుక్కోవాలన్న ఆశ మాది. మొత్తం కట్టేందుకే నిశ్చయించుకున్నాం. ఇంటి బయానాకు దాచిన 1,50,000 అందులో పోసి, నా రెండో జిరాక్స్ మెషిను అమ్మాను. కట్టాక బాకీ లేదన్న ధ్రువపత్రం తీసుకునేదాకా ఆ కుర్చీ ముందు నుంచి లేవలేదు. అంతకుముందు ఏజెంట్లు రాత్రి తొమ్మిదింటికి నా దుకాణం ఫోనుకు కూడా చేసేవారు. ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు దాటాక వసూలు ఫోన్లు చేయకూడదని 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ సంగతి రాసి, తేదీలు, వేళలతో బ్యాంకుకు ఫిర్యాదు ఇచ్చాను. ఫోన్లు ఆగాయి.

ఇప్పుడు నా విన్నపం. భరణం కేసుల్లో ఇరుపక్షాలూ ఆస్తులతో పాటు అప్పుల వివరాలు కూడా ప్రమాణపత్రంగా ఇవ్వాలని సుప్రీంకోర్టు 2020 నవంబరులో, రజనీశ్ వర్సెస్ నేహా కేసులో చెప్పింది. పరస్పర అంగీకార విడాకులకూ కుటుంబ న్యాయస్థానాలు అలాంటి పేజీ ఒకటి అడిగితే ఎంతమంది బతుకులు తేలికవుతాయో! భరణం అడగనివాళ్ళకే ఈ రక్షణ లేకుండా పోతోంది. నా భార్యలా అన్నీ వదులుకుని బయటపడేవాళ్ళే వాళ్ళు. రుణ నివేదిక ఏడాదికి ఒకసారి ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. భార్యాభర్తలిద్దరివీ పిటిషనుకు జత చేయవచ్చు. కాని అదొక్కటే చాలదు. మా చిట్టీ జామీను ఆ నివేదికలో ఎక్కడా లేదు. అందుకే ఎవరికి, ఎప్పుడు, ఎంతకు జామీను పెట్టారో విడిగా రాయించాలి. మొదటి పిటిషనుకూ తుది విచారణకూ మధ్య చట్టం ఆరు నెలల వ్యవధి పెట్టింది. సుప్రీంకోర్టు 2017లో ఆ వ్యవధిని కొన్ని సందర్భాల్లో మినహాయించవచ్చని చెప్పినప్పటి నుంచి అందరూ దాన్ని తగ్గించమనే అడుగుతున్నారు. నరకం నుంచి త్వరగా బయటపడాలనే వారి తొందర నాకు అర్థమవుతుంది. కాని జామీను మార్పించడానికి, బ్యాంకు నుంచి ఒకరిని తప్పిస్తూ రాతపూర్వకంగా తెచ్చుకోవడానికి ఆ ఆరు నెలలే అదను. డిక్రీ చేతికొచ్చాక అవతలి మనిషి ఫోను ఎత్తడు. న్యాయవాదులు, పెద్దమనుషులు ఈ ఒక్క ప్రశ్న అడగాలని వేడుకుంటున్నాను: 'అమ్మా, అయ్యా, మీరు ఎక్కడెక్కడ సంతకాలు పెట్టారు?'

కట్టిన డబ్బును అతని నుంచి రాబట్టుకునే హక్కు నా భార్యకు ఉంది. కట్టిన నాటి నుంచి మూడేళ్ళలోగా దావా వేయాలని న్యాయవాది చెప్పారు. రసీదులన్నీ ఒక ఫైలులో పెట్టాను. ఆమె మాత్రం వద్దంటోంది. 'డబ్బు పోతే పోనివ్వండి. మళ్ళీ ఆ కోర్టు వరండాలో అతనికి ఎదురుగా కూర్చోలేను' అంటుంది. ఆ వరండా ఎలాంటిదో రోజూ చూసేవాణ్ణి కాబట్టి నేను బలవంతం చేయలేను. ఐదు లక్షలు దాటిన ఆ రసీదులను మరిచిపోవడమూ నా వల్ల కావడం లేదు. ఫైలు ఇంకా దుకాణంలోనే ఉంది.

దాని పక్కనే ఒక నమూనా పేజీ కూడా పెట్టాను. అప్పు ఇచ్చినవారి పేరు, ఎవరి సంతకాలున్నాయి, మిగిలిన బాకీ ఎంత, జామీను ఎవరు అని నాలుగు గళ్ళు గీశాను. విడాకుల కాగితాలతో ఎవరు వచ్చినా ఆ పేజీ కాపీ డబ్బు తీసుకోకుండా ఇస్తున్నాను. మీ పాఠకుల్లో ఎవరికైనా కావాలంటే కోర్టు పనివేళల్లో అడగవచ్చు.

నా భార్య కోరిక మేరకు మా పేర్లు ప్రచురించవద్దని మనవి.

ఇట్లు,
ఒక జిరాక్స్ దుకాణదారు,
హనుమకొండ