తల్లిదండ్రులకు లేఖ: ఐక్యూ కాగితాల గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

దసరా సెలవుల తేదీలు నోటీసు బోర్డులో ఉన్నాయి. రెండో విడత ఫీజుకు నెలాఖరు గడువు.

ఇక అసలు విషయం. గత వారం యాజమాన్యం అనుమతితో ఒక బయటి సంస్థ ఆరు, ఏడు తరగతులకు తెలివితేటల పరీక్ష పెట్టి, ఐక్యూ అంకె వేసిన కాగితాలను ఇళ్లకు పంపింది. అప్పటినుంచి నాకు వస్తున్న ఫోన్లన్నీ దాని గురించే. ‘మా వాడిని ఎ-సెక్షన్‌లోకి మార్చండి’ అని కొందరు. ‘మా అమ్మాయికి ఇక చదువు అబ్బదా మేడం’ అని ఒక తల్లి ఏడ్చారు. ఆమెకు చెప్పిందే అందరికీ చెబుతున్నాను: ఆ అంకెను రికార్డుల్లో రాయం, దాన్ని చూసి సెక్షన్లు మార్చం.

ప్రశ్నపత్రం తెప్పించుకుని మా ఉపాధ్యాయులతో కలిసి చదివాను. గొడుగు ఎందుకు వాడతారన్న ప్రశ్నకు వాన కోసం అన్నదొక్కటే సరైన జవాబట. మన పిల్లలు చాలామంది ‘ఎండకు’ అని రాశారు. ఆదోనిలో పుట్టిపెరిగిన పిల్లలు మరేం రాస్తారు? సున్నా వేశారు. పత్తి, వేరుశనగ, పొద్దుతిరుగుడు, మిరపలలో వేరైనది ఏదని ఇంకో ప్రశ్న. తినే పంట కాదు కాబట్టి పత్తి అని జవాబుల పట్టికలో ఉంది. ఏడో తరగతి అమ్మాయి ఒకరు మిరపకు టిక్కు పెట్టి, పక్కన చిన్న అక్షరాలతో ‘మిగతా మూడింటి గింజల నుంచి నూనె తీస్తారు’ అని రాసింది. వాళ్ల నాన్నగారు నూనె మిల్లులో పనిచేస్తారు. ఆ జవాబు చూసి మా లెక్కల టీచరు కాగితం పట్టుకుని స్టాఫ్ రూములో అందరికీ చూపించారు. దానికీ సున్నాయే! అదే తరగతిలో ఇంట్లో ఉర్దూ, వీధిలో కన్నడం, బడిలో తెలుగు మాట్లాడే అబ్బాయి ఉన్నాడు. నోటిలెక్కల్లో వాడిని మించినవాడు మా బడిలో లేడు. వాడికి పెట్టిన పరీక్ష ఇంగ్లీషులో.

ఇలాంటి పరీక్షల చరిత్ర కూడా తెలుసుకోవాలి. 1905లో పారిస్‌లో మనస్తత్వవేత్త ఆల్ఫ్రెడ్ బినే, ఆయన సహచరుడు థియోడోర్ సిమోన్ తొలి తెలివితేటల పరీక్షను తయారుచేసింది బడిలో అదనపు సాయం కావలసిన పిల్లలను గుర్తించడానికి. తెలివి పుట్టుకతోనే ఖాయమైపోతుందన్న మాటను బినే గట్టిగా ఖండించాడు. అమెరికా చేరాక ఆ పని దారి తప్పింది. 1917లో అక్కడి సైనికులకు పెట్టిన పరీక్షలో క్రిస్కో అంటే ఏమిటని అడిగారు. అది మన డాల్డా లాంటి వంట సరుకు. కొత్తగా ఓడ దిగిన వలసదారుకు అది ఎలా తెలుస్తుంది? ఆ మార్కులు చూసి కొన్ని దేశాలవారికి పుట్టుకతోనే తెలివి తక్కువని రాసిన మనస్తత్వవేత్త కార్ల్ బ్రిగమ్, 1930లో ఆ నిర్ధారణకు ఆధారం లేదని తానే ఒప్పుకున్నాడు. కాలిఫోర్నియాలో ఇంట్లో స్పానిష్ మాట్లాడే పిల్లలను ఇంగ్లీషులో పరీక్షించి మందబుద్ధుల తరగతుల్లో వేస్తే తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. ఇంటి భాషలోనూ పరీక్షించాలని 1970లో ఒప్పందం కుదిరింది. మన దేశంలో మనస్తత్వవేత్త సి.ఎం. భాటియా 1955లోనే చదువు రానివారికి కూడా పనికొచ్చేలా దిమ్మెలు, బొమ్మలతో పరీక్షలు రూపొందించారు. మంచి పరీక్ష సాధ్యమే. ఎలాంటి పిల్లల మీద సరిచూసి తయారుచేశారో అడగడం మన హక్కు. మన ప్రాంతపు పిల్లల మీద సరిచూశారా అని ఆ సంస్థకు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు.

ఒక మనవి. ఆ అంకెలను వాట్సాప్ గ్రూపులో పెట్టి పోల్చుకోవడం దయచేసి ఆపండి. ‘మా వాడికి బుర్ర లేదట’ అని గేటు దగ్గర, వాడు వింటుండగా అన్న మాట మరునాటికి తరగతిలో వాడి మారుపేరు అవుతోంది. పరీక్ష రోజు టిఫిన్ తినకుండా వచ్చినవారు, అర్ధరాత్రి దాకా ఫోను చూసి బల్ల మీద తల వాల్చినవారు తక్కువేమీ లేరు. పిల్లల తెలివి గురించి ఇంత ఆరాటపడుతున్న మీరు వాళ్ల నిద్ర గురించి కూడా కొంచెం పట్టించుకోవాలని కోరుతున్నాను.

చదవడంలోనో లెక్కల్లోనో పిల్లలు నిజంగా ఇబ్బంది పడుతున్నారనిపిస్తే తరగతి టీచరును కలవండి. అవసరమైతే శిక్షణ పొందిన సైకాలజిస్టుతో, ఇంటి భాషలో, విడిగా పరీక్ష చేయిద్దాం. శనివారం సాయంత్రం నాలుగింటి నుంచి ఆఫీసులోనే ఉంటాను. ఐక్యూ కాగితం అక్కర్లేదు, నోటుపుస్తకాలు తీసుకురండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు