తెలియని ఫైలంటే పాడైన ఫైలు కాదు

సంపాదకులకు నమస్కారం.

పెళ్లిపత్రిక అనో, బ్యాంకు కేవైసీ అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లను నొక్కొద్దని పత్రికలు హెచ్చరిస్తూనే ఉన్నాయి. మంచిదే. పేరు చివర చుక్క పెట్టి ఏపీకే అని ఉంటే అది పత్రికా కాదు, ఫొటో కాదు, ఫోన్‌లో కూర్చునే యాప్. కానీ ఆ భయంతో ఇప్పుడు ఎప్పుడూ చూడని ఫైలు ఏది కనపడినా వైరస్ అనడమో, కరప్ట్ అయిందనడమో అలవాటైపోయింది.

మా నాయన కావలి చుట్టుపక్కల ఊళ్లు తిరిగి కోలాటం పాటలు రాసుకొచ్చి 2004లో చిన్న పుస్తకం వేయించాడు. ఇప్పుడు నాయన లేడు, మిగిలిన ఒక్క కాపీని చెదలు సగం తినేశాయి. బీరువాలో డీటీపీ వాళ్లు (పుస్తకం పేజీలు కంప్యూటర్‌లో కూర్చేవాళ్లు) ఇచ్చిన సీడీ దొరికితే ప్రాణం లేచొచ్చింది. (ల్యాప్‌టాప్‌లో సీడీ పెట్టే చోటే లేదు, ఆ తిప్పలు వేరే.) అందులో ఒకటే ఫైలు. నొక్కితే దేంతో తెరవమంటావని కంప్యూటర్ మమ్మల్నే అడుగుతోంది. ట్రంకురోడ్డులో ఒక షాపుకు తీసుకెళ్తే ఆ అబ్బాయి పేరు చివర డాక్ అని మార్చి వర్డ్‌లో తెరిచాడు. అన్నీ డబ్బాలు, పిచ్చిగీతలు. "ఫైలు పోయిందక్కా, రికవరీకి మూడు వేలవుద్ది" అన్నాడు. కందిపప్పు డబ్బాకు చక్కెర అని చీటీ అంటిస్తే లోపలుండేది తియ్యగా అవుద్దా?

సీడీలో ఉన్న అసలు పేరు చూస్తే చివర పీఎండీ అని ఉంది. అంటే పేజ్‌మేకర్ ఫైలు. ఒకప్పుడు పెళ్లిపత్రికల నుంచి పుస్తకాల దాకా డీటీపీ షాపుల్లో దీంట్లోనే చేసేవాళ్లు, 2001లో వచ్చిన ఏడో వెర్షనే ఆఖరిది. మా తమ్ముడి కొడుకు ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్ వేసి అందులో తెరిస్తే పేజీలన్నీ వచ్చాయి, నాయన అడిగి మరీ పెట్టించుకున్న తీగ అంచుతో సహా. మ్యాటర్ మాత్రం టోపీలు, తోకలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు! నా గుండె మళ్లీ జారింది. తీరా చూస్తే అదీ పాడవడం కాదు. ప్రతి భాష అక్షరానికీ సొంత నంబరిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా డీటీపీ వాళ్లు చాలాకాలం 'అను' అనే పేరున్న ఫాంట్లే వాడారు. అక్కడ లోపల దాచేది ఇంగ్లీషు అక్షరాల నంబర్లే, పైన కనపడే తెలుగు రూపం ఫాంటు ఇచ్చేది. ఆ ఫాంటు మా ల్యాప్‌టాప్‌లో లేదు, అంతే. పాత కంప్యూటర్ ఇంకా పారెయ్యని ఒక డీటీపీ ఆయన్ని వెతికి పట్టుకుంటే, నవ్వి, అరగంటలో పీడీఎఫ్ చేసి, మ్యాటర్‌ను యూనికోడ్‌లోకి కూడా మార్చిచ్చాడు. డబ్బులిస్తే టీ తాగించమన్నాడు.

పేరు చివర ఏమీ లేని ఫైలు వచ్చినా కంగారు అక్కర్లేదు. దానికి కాపీ తీసి, ఆ కాపీని నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి అక్షరాలు చూడండి. శాతం గుర్తు పక్కన పీడీఎఫ్ అని ఇంగ్లీషులో ఉంటే అది పీడీఎఫ్. పీ, కే అని మొదలైతే జిప్, అంటే కొన్ని ఫైళ్లను కలిపి కట్టిన మూట, ఇప్పటి వర్డ్ ఫైళ్లు కూడా లోపల జిప్‌లే. ఇంకొకటి, విండోస్ తనకు తెలిసిన ఎక్స్‌టెన్షన్లను, అంటే పేరు చివర చుక్క తర్వాతుండే అక్షరాలను, దాచేస్తుంది, ఇదేం సౌకర్యమో నాకర్థం కాదు. బిల్లు పీడీఎఫ్ అని కనపడేదాని వెనక ఈఎక్స్‌ఈ, అంటే నొక్కితే నడిచే ప్రోగ్రాం, దాక్కుని ఉండొచ్చు. ఫైళ్లు చూసే కిటికీలో పైనుండే వ్యూలోకి వెళ్లి ఆ ఎక్స్‌టెన్షన్లు కనపడేలా పెట్టుకోండి.

జిల్లాలో డీటీపీ చేసే అన్నదమ్ములకు ఒక్క మాట. పుస్తకం చేసినప్పుడు అసలు ఫైలుతో పాటు పీడీఎఫ్, యూనికోడ్ కాపీ కూడా చేతిలో పెట్టండి, కావాలంటే వంద ఎక్కువ తీసుకోండి. మా పుస్తకాన్ని యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు వత్తులు కొన్ని ఎగిరిపోయాయి, 'అమ్మ' అన్నచోటల్లా 'అమ' అని ఉంది. చెదలు తినని పేజీలు పక్కన పెట్టుకుని దిద్దుతున్నాను. పద్నాలుగు పాటలయ్యాయి, ఇంకా నలభై ఉన్నాయి.

ఒక పాఠకురాలు,
కావలి, నెల్లూరు జిల్లా