ఎండ రాని ఫ్లాట్‌లో మిరప: డబ్బు లైటుకు పెట్టండి, మందులకు కాదు

సంపాదకులకు నమస్కారం.

ఇంటితోటల మీద మీ పత్రికలో వచ్చే వ్యాసాలను శ్రద్ధగా చదువుతాం. మట్టి మిశ్రమం, జీవామృతం, పుల్లమజ్జిగ, వేపకషాయం అన్నీ వివరంగా రాస్తారు. వెలుతురు దగ్గరికి వచ్చేసరికి మాత్రం 'ఎండ తగిలే చోట పెట్టండి' అన్న ఒక్క ముక్కతో సరి. బెంగళూరులో ఆ ముక్క పనికిరాని ఇళ్లు చాలా ఉన్నాయి. మారతహళ్లి, బీటీఎం లేఅవుట్, కేఆర్ పురం సందుల్లో అద్దెకుండే తెలుగువాళ్లలో చాలామందికి మేడమీద కుండీ పెట్టే హక్కు ఉండదు. బాల్కనీ ముందు నాలుగడుగుల్లో పక్కింటి గోడ. అలాంటి ఇంట్లో కిటికీ పక్కన మొక్క నాటి, అది సన్నగా, పాలిపోయి సాగిపోతుంటే బలం చాలలేదనుకుని ఎరువు వేస్తారు. వెలుతురు అందని మొక్క ఆ ఎరువును వాడుకోలేదు. లవణాలు కుండీలోనే పేరుకుని వేర్లు మాడతాయి. మొదటి మొక్క చాలాసార్లు ఇలాగే పోతుంది, ఇక నా చేతికి మొక్కలు అచ్చిరావని మనిషి ఆ పని మానేస్తాడు.

అందుకే ఎండ అసలు రాని గదిలో, దాదాపు రెండు వేల రూపాయలతో ఒక్క మిరప మొక్కను కాయించే పద్ధతి రాస్తున్నాం. మిరపే ఎందుకంటే, అది పగటి నిడివితో పని లేకుండా పూస్తుంది. చామంతికైతే రాత్రి పొడవుగా ఉంటేనే మొగ్గ పడుతుంది; చామంతి రైతులు తోటల్లో రాత్రిళ్లు బల్బులు వెలిగించేది ఆ మొగ్గను కొన్నాళ్లు ఆపడానికే. మిరపకు ఆ పేచీ లేదు.

ముందు వెలుతురు సంగతి. దాన్ని ఫోన్‌తోనే కొలవచ్చు. లక్స్ (ఒక చోట పడే వెలుతురుకు కొలత) మీటర్ యాప్‌లు ఉచితంగా దొరుకుతాయి. ఫోన్ తెర పైభాగంలో ఉండే సెన్సర్‌ను ఆకు ఎత్తున, లైటు వైపు తిప్పి చూడాలి. అంకె కచ్చితంగా ఉండదు గానీ తేడా బాగా తెలుస్తుంది. నడినెత్తి ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. ట్యూబులైటు వేసిన హాల్లో రెండు మూడు వందలు. ఎదురుగా గోడ ఉన్న కిటికీకి రెండడుగుల లోపల వెయ్యి దాటడమే కష్టం. మిరప కాయ కాయాలంటే ఆకుల మీద 15,000 నుంచి 20,000 లక్స్, రోజుకు 16 గంటలు పడాలి. మన కన్ను మసక వెలుతురుకు సర్దుకుంటుంది కాబట్టి గది వెలుగ్గానే ఉందనిపిస్తుంది. ఆకు సర్దుకోలేదు.

ఆ వెలుతురు ఇవ్వడానికి 'గ్రో లైట్' అని రాసి ఉన్నదే కొనక్కర్లేదు. భవనాల బయట బిగించే 50 వాట్ల తెల్ల ఎల్‌ఈడీ ఫ్లడ్ లైటు చాలు. ఎస్పీ రోడ్డులో గానీ చిక్కపేట ఎలక్ట్రికల్ షాపుల్లో గానీ రకాన్ని బట్టి సుమారు 500 నుంచి 800 రూపాయలకు దొరుకుతుంది. డబ్బా మీద చూడాల్సింది ల్యూమెన్లు, అంటే లైటు ఇచ్చే మొత్తం వెలుగు: 4,500కు తగ్గకూడదు. వెలుగు రంగును చెప్పే అంకె 4000 కెల్విన్ అయినా 6500 కెల్విన్ అయినా పని చేస్తుంది. తెల్ల కాంతిలో మొక్కకు కావలసిన ఎరుపు, నీలం రెండూ ఉన్నాయి. ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చే ఊదారంగు లైట్ల మీద '1000 వాట్లు' అని ఉంటుంది, మీటరు పెట్టి చూస్తే అవి లాగే కరెంటు అందులో చిన్న వంతు. పైగా ఊదా వెలుగులో ఆకు పసుపెక్కిందో, నల్లి పట్టిందో కనిపించదు. అది పెద్ద నష్టం.

ఈ ఒక్క లైటు అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న జాగాకే సరిపోతుంది. గది మధ్యలో వేలాడదీస్తే సగానికి పైగా వెలుగు గోడల పాలవుతుంది. పాత స్టీలు ర్యాకులో ఒక అర తీసేసి, మూడు వైపులా తెల్ల సన్‌బోర్డు (తేలికైన ప్లాస్టిక్ పలక) కట్టండి. వంటకు వాడే అల్యూమినియం రేకు కన్నా సాదా తెలుపే మేలు, రేకు ముడతల దగ్గర వెలుగు ఒకచోటే పోగుపడుతుంది. థర్మోకోల్ వద్దు, లైటు వెనక రెక్కలు వేడెక్కి దాన్ని కరిగిస్తాయి. నాలుగో వైపు, పై భాగం తెరిచే ఉంచాలి. లైటుకూ చిగురుకూ మధ్య దూరం మొలకప్పుడు రెండడుగులు, మొక్క ఎదిగాక అడుగు నుంచి అడుగుంపావు. దూరాన్ని కొలిచేకంటే లక్స్ చూసి సర్దడం మంచిది. కాబట్టి లైటును గొలుసుతో వేలాడదీస్తే పైకీ కిందికీ జరపడం తేలిక.

ఫ్లడ్ లైటు వైర్లు చాలావాటికి ప్లగ్గు లేకుండా వస్తాయి. దాని ఒళ్లు లోహం, పక్కనే నీళ్లు. కాబట్టి మూడు తీగల వైరు, మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్త్ తప్పనిసరి. ఆకుపచ్చ తీగను కత్తిరించి వదిలేసే ఎలక్ట్రీషియన్లు ఉన్నారు, దగ్గరుండి వేయించండి. జాయింటు నేల మీద ఉండకూడదు. వైరు సాకెట్ కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా ఉంటే, జారిన నీరు సాకెట్లోకి పోకుండా కింద పడుతుంది. ప్లగ్గుకు తగిలించే 24 గంటల టైమరు మూడు నాలుగు వందలు. ఉదయం ఐదుకు వెలిగి రాత్రి తొమ్మిదికి ఆరేలా పెట్టండి. చీకటి ఎనిమిది గంటలు ఉండనివ్వండి.

కరెంటు లెక్క: 50 వాట్లు, 16 గంటలు, అంటే రోజుకు 0.8 యూనిట్, నెలకు 24 యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయలనుకుంటే 144 రూపాయలు. కర్ణాటక ప్రభుత్వపు ఉచిత కరెంటు పథకం గృహజ్యోతిలో ఉన్నవాళ్లు ముందే బిల్లు చూసుకోవాలి. ఉచితం పాత వాడకం సగటు మీద లెక్కగడతారు, నెలకు 200 యూనిట్లు దాటితే మొత్తం బిల్లూ కట్టాలి. 185 దగ్గర ఉన్న ఇంటిని ఈ లైటు ఆ గీత దాటిస్తుంది. మార్కెట్లో పచ్చిమిర్చి కొనడమే చవక అని ఎవరైనా అంటే కాదనలేం. మందు కొట్టని కాయ, చెట్టున కోసిన వాసన, ఇంట్లో పిల్లలకు పువ్వు కాయగా మారడం కనిపించడం, వీటి కోసమే ఈ శ్రమ.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. లైటు, తెల్ల డబ్బా, టైమరు అనగానే గంజాయి గుర్తొచ్చే రోజులివి. ఇంట్లో తన కోసం ఒక్క మొక్క పెంచుకుంటే నేరం కాదని కుర్రాళ్లలో ఒక అపోహ ఉంది. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం 20వ సెక్షన్ కింద అనుమతి లేని గంజాయి సాగుకు పదేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. ఒక్క మొక్కే కదా అన్న మినహాయింపు అందులో లేదు. మిరప పెంచేవాళ్లు ఓనరుకు ముందే చెప్పి, డబ్బా చూపిస్తే అనుమానానికి చోటుండదు.

మొక్క విషయానికొస్తే, గుంటూరు దగ్గరి లాం ఫారం (మిరప పరిశోధన కేంద్రం) వాళ్ల జీ-4 అంటే భాగ్యలక్ష్మి, ఎల్‌సీఏ-334 మన వంటకు తెలిసిన రకాలే. హెసరఘట్టలోని ఐఐహెచ్‌ఆర్ (భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ)లో అర్క రకాల విత్తనం అమ్ముతారు. లోపల పెంచడానికి పొట్టిగా, గుబురుగా పెరిగే రకం దొరికితే ఇంకా నయం. గింజలను రాత్రంతా నానబెట్టి అర సెంటీమీటరు లోతున వేయాలి. 25 నుంచి 30 డిగ్రీల వేడిలో వారం పది రోజులకు మొలుస్తాయి. డిసెంబరు, జనవరి చలిలో బెంగళూరులో రెండు మూడు వారాలు పట్టవచ్చు, ట్రేని ఫ్రిజ్ మీద పెడితే కొంత త్వరపడతాయి. మొలక తల ఎత్తిన రోజు నుంచే లైటు కింద ఉండాలి. రెండు రోజులు ఆలస్యమైనా కాడ దారంలా సాగి వాలిపోతుంది. మొదలు దగ్గర కాడ నల్లబడి విరిగిపడితే అది నారుకుళ్లు. తడి ఎక్కువై వస్తుంది, వచ్చాక ఆ మొలక బతకదు.

నాలుగైదు ఆకులొచ్చాక, విత్తిన ముప్పై నలభై రోజులకు, పది లీటర్లు పట్టే కుండీకి మార్చండి. మిశ్రమం: కోకోపీట్ నాలుగు పాళ్లు, వర్మీకంపోస్టు మూడు, ఎర్రమట్టి మూడు. ఇక్కడి ఎర్రమట్టి ఒక్కటే వేస్తే నెల తిరక్కుండా ఇటుకలా గట్టిపడి గాలి ఆడదు. 650 గ్రాముల కోకోపీట్ ఇటుక ఎనిమిది తొమ్మిది లీటర్లు అవుతుంది, ఒకటి చాలు. దాన్ని రెండు మూడు నీళ్లు కడిగి పిండాలి. కొబ్బరి పీచులో సోడియం, పొటాషియం పట్టుకుని ఉంటాయి, కడగకపోతే చిగురు వంకర్లు పోతుంది.

నీళ్ల దగ్గర రెండు తప్పులు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఒకటి, ఆర్వో మిషను వదిలేసే నీళ్లు వృథా పోతున్నాయని కుండీలో పోయడం. బోరు నీళ్లలోని ఉప్పు అందులో ఇంకా చిక్కబడి ఉంటుంది. ఆకు కొనలు మాడి, మట్టి మీద తెల్లటి పొర కడితే కారణం అదే. అలా అయితే కుండీ పరిమాణానికి మూడింతల కావేరి నీళ్లు గానీ వాన నీళ్లు గానీ నెమ్మదిగా పోసి కింద నుంచి పోనివ్వాలి. రెండోది రోజూ కొంచెం కొంచెం పోయడం. కుండీ ఎత్తి చూడండి, తేలిగ్గా ఉంటేనే పోయాలి, పోస్తే అడుగు రంధ్రాల నుంచి కారేదాకా పోయాలి. మట్టి తడిగా ఉండగానే ఆకు వాలితే వేరుకు గాలి లేదని అర్థం, ఇంకో చెంబు పోస్తే చంపినట్టే. మట్టిలోంచి చిన్న నల్లటి దోమలు లేస్తుంటే పై అంగుళం ఆరేదాకా నీళ్లు ఆపండి, పసుపు రంగు జిగురు అట్ట ఒకటి గుచ్చండి.

ఎరువు గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. నాటిన మూడు వారాలు ఏమీ వద్దు. తర్వాత వారానికోసారి 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉన్న, నీటిలో కరిగే ఎరువు) లీటరు నీటికి ఒక గ్రాము. మొగ్గ పడ్డాక దాని బదులు పొటాష్ ఎక్కువున్న 13-0-45 అంతే కొలత. కాల్షియం నైట్రేట్ ఇవ్వాలనుకుంటే వేరే రోజు ఇవ్వండి, ఫాస్ఫేటుతో కలిస్తే తెల్లగా విరిగి అడుగున పడుతుంది. ముదురు ఆకులో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపెక్కితే లీటరుకు గ్రాము ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్). ఆకులు నల్లగా నిగనిగలాడుతూ పూత రాకపోతే నత్రజని ఎక్కువైంది, ఆపేయండి.

మొక్క తొమ్మిది పది ఆకులకు వచ్చినప్పుడు తల తుంచాలి. చేయి రాదు గానీ తప్పదు. లైటుకు దూరమైన కొద్దీ వెలుగు వేగంగా పడిపోతుంది కాబట్టి ఒక్క కొన పైకి పోవడం కంటే ఆరేడు కొమ్మలు ఒకే ఎత్తున పరుచుకోవడం లాభం. పొడవెక్కిన కొమ్మను జనపనార దారంతో వంచి కుండీ అంచుకు కట్టండి.

పూత మొదలయ్యాక లోపలి మొక్కకు వచ్చే కష్టం గాలి లేకపోవడం. మిరప పువ్వు తన పుప్పొడితో తానే కాయ కట్టగలదు, కానీ ఆ పుప్పొడి రాలాలంటే పువ్వు కదలాలి. పాత కంప్యూటరులోని 12 వోల్టుల ఫ్యాను ఒకటి ఆకులు సన్నగా ఊగేలా పెట్టి, ఉదయం పూట పూల కాడలను వేలితో తట్టండి. అయినా పూత రాలుతుంటే డబ్బాలో థర్మామీటర్ పెట్టి చూడండి. 35 డిగ్రీలు దాటితే పూత నిలవదు, పక్క పలక ఒకటి తీసేయాలి. బెంగళూరు రాత్రుల చల్లదనం మిరప పూతకు బాగా కలిసొస్తుంది.

పురుగు ఇంట్లోకి రాదనుకోవద్దు, నర్సరీ మొక్కతోనో బట్టలతోనో వస్తుంది. ఆకు అంచులు పైకి పడవలా ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుని కాడ సాగితే తెల్లనల్లి. రెంటికీ మందు ఒకటి కాదు. మొదటిదానికి లీటరు నీటికి ఐదు మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు ద్రావణం, ఆకు అడుగు తడిసేలా, ఐదారు రోజులకోసారి. నల్లికి నీటిలో కరిగే గంధకం లీటరుకు మూడు గ్రాములు. ఈ రెంటి మధ్య పదిహేను రోజుల ఎడం ఉండాలి, లేకపోతే ఆకు మాడుతుంది. ఏది కొట్టినా లైటు ఆర్పి, మొక్కను బాల్కనీలోకి తీసుకెళ్లి కొట్టాలి. పడకగదిలో గంధకం చల్లకూడదు.

అన్నీ కుదిరితే విత్తిన మూడు మూడున్నర నెలలకు మొదటి పచ్చికాయ కోస్తారు, పండుకాయకు ఇంకో రెండు మూడు వారాలు. అంత ఓపిక లేనివాళ్లు అదే లైటు కింద మెంతికూర, కొత్తిమీర వేసుకోవచ్చు. లైటు ఇంకో అడుగు పైకి జరిపితే రెండు ట్రేలు పడతాయి, మెంతికూర మూడు నాలుగు వారాల్లో కోతకొస్తుంది.

మీ ఇంటితోట శీర్షికకు మా మనవి ఒక్కటే. మొక్క పేరు పక్కన ఎరువుల కొలతలు వేసినట్టే వెలుతురు కొలత కూడా అచ్చువేయండి. మిరప, వంగ, టమాటాకు కనీసం 15,000 లక్స్, 16 గంటలు. కొత్తిమీర, మెంతి, పాలకూరకు ఏడెనిమిది వేలు, 14 గంటలు. పుదీనాకు ఐదారు వేలైనా చాలు.

ఇట్లు,
కొందరు తెలుగు ఇంటితోట పెంపకందారులు,
బెంగళూరు