బుర్జ్ ఖలీఫా దాకా మెట్రోలో: అమ్మకు ఉత్తరం

అమ్మా,

నేను బాగున్నాను. డబ్బు వేశాను, చెల్లి ఫోనుకి మెసేజ్ వచ్చే ఉంటుంది. డ్యూటీ మామూలే, కొత్తగా చెప్పడానికేం లేదు.

కొత్త సంవత్సరం రాత్రి ఇక్కడ దుబాయ్‌లో బుర్జ్ ఖలీఫా అనే ఆ పెద్ద బిల్డింగు దగ్గర జనాన్ని ఎవరి ఫోన్లోనో చూసి నువ్వు నిద్రపోలేదట. ఆ గుంపులో నేను లేనమ్మా. డిసెంబర్ 31న జనం ఎక్కువైపోతారని ఆ మెట్రో స్టేషన్‌ని సాయంత్రమే మూసేస్తారు. మేమంతా రూములోనే వండుకుని తిన్నాం. నేను వెళ్లేది మామూలు ఆదివారాల్లోనే.

ఎలా వెళ్తానో రాస్తున్నాను. ఇక్కడికి రాబోతున్న చిన్నాన్న కొడుక్కి కూడా చదివి వినిపించు. ఇక్కడ టాక్సీ లేకపోతే తిరగలేమని ఏజెంటు వాడిని భయపెట్టాడట. అదేం లేదు. నోల్ కార్డని ఒకటి ఇస్తారు. 25 దిర్హామ్‌లు పెట్టి కొంటే అందులో 19 మన ప్రయాణానికే. బస్సుకీ మెట్రోకీ అదే. క్యాంపు దగ్గర బస్సెక్కి, గ్రీన్ లైన్ మెట్రో అందుకుని, యూనియన్ స్టేషన్లో రెడ్ లైన్‌కి మారి, జెబెల్ అలీ వైపు వెళ్లే బండి ఎక్కుతాను. బస్సు దిగిన అరగంటలోపు మెట్రో ఎక్కితే రెండూ ఒకే ప్రయాణం కింద లెక్క. ఎంత దూరమైనా ఏడున్నర దిర్హామ్‌లు దాటదు. ఎక్కేటప్పుడే కాదు, దిగేటప్పుడు కూడా కార్డు తాకించాలి. బండిలో ఏమీ తినకూడదు, తాగకూడదు. తింటే 100 దిర్హామ్‌ల ఫైన్.

డ్రైవరు లేకుండానే నడుస్తుందని నాన్నకి చెప్పు, నమ్మడు. ఆడవాళ్లకీ పిల్లలకీ వేరే చోటు ఉంది, మగవాళ్లు అందులో అడుగుపెడితే ఫైన్ కట్టాల్సిందే. ఎక్కినప్పుడల్లా అటు చూస్తాను. నువ్వూ చెల్లీ అక్కడ హాయిగా కూర్చున్నట్టు అనుకుంటాను. సోంపేట సంతనుంచి నువ్వు ఆటో అంచున ఒక కాలు బయట పెట్టి వచ్చేదానివి, అది నాకింకా కళ్లలోనే ఉంది.

స్టేషన్‌కి బుర్జ్ ఖలీఫా అని పేరున్నా దిగగానే ఆ బిల్డింగు రాదు. ఏసీ వంతెన మీద 820 మీటర్లు వెళ్లాలి. మనం నిలబడితే చాలు, అదే ముందుకు తీసుకెళ్లే కదిలే దారి ఉంటుంది. ఆదివారం సాయంత్రం ఆ దారి రథసప్తమినాటి అరసవల్లి క్యూలాగే ఉంటుంది. మనకి తొందర లేకపోతే ఇబ్బంది లేదు.

పైకెక్కడానికి టిక్కెట్ కొన్నాననుకోకు. 124వ అంతస్తు నుంచి చూడాలంటే చాలా తీసుకుంటారు, నాకక్కర్లేదు. కింద చెరువులో ఫౌంటెన్ చూడటానికి పైసా ఇవ్వక్కర్లేదు. చీకటి పడ్డాక అరగంటకోసారి వేస్తారు. పక్కనే 828 మీటర్ల ఎత్తున ఆ బిల్డింగు నిలబడి ఉంటుంది. వారమంతా ఇలాంటి బిల్డింగుల్లో ఇనుము మోస్తాను. ఆ ఒక్క సాయంత్రం నేనూ చూడ్డానికొచ్చిన వాళ్లలో ఒకడిని. నన్నెవరూ పని అడగరు. అందుకే వెళ్తానమ్మా. దాన్ని దండగ ఖర్చు అనొద్దు, నీకు పంపేదాంట్లో ఒక్క రూపాయి తగ్గించలేదు.

నాన్న పలాస ఆసుపత్రికి వెళ్లాడా? కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ ఎంత వచ్చింది? నీళ్ల డబ్బాలు కొంటున్నారా, మళ్లీ బోరు నీళ్లేనా? ఖర్చని ఆగొద్దు.

రథసప్తమికి వెళ్తానని పట్టుబడుతున్నాడట. రాత్రంతా క్యూలో నిలబడే ఒళ్లు కాదు ఆయనది. ఆ రద్దీ తగ్గాక, ఆదివారం కాని రోజు చూసి, సోంపేటలో పొద్దున్నే రైలెక్కి శ్రీకాకుళం రోడ్డులో దిగండి. గుడి దాకా ఆటో విడిగా మాట్లాడుకోండి, షేరింగ్ వద్దు. ఆ డబ్బు నేను వేస్తాను.

చిన్నాన్న కొడుకు వచ్చేటప్పుడు జీడిపప్పు ఏమీ కట్టొద్దు. నాన్న రిపోర్టులు జిరాక్స్ తీయించి ఇచ్చి పంపు. చెల్లిని అడిగితే అంతా బాగుందనే అంటుంది, నేను కళ్లారా చూడాలి.

మీ
పెద్దోడు